యూనిక్స్‌కే పరిమితమైన దూర నిర్వహణ క్లయింటును విండోస్‌కు పోర్ట్ చేయాలా?

శ్రీకాకుళం సభ్యుడు:
ఇక్కడి మా కళాశాల సర్వర్లను దూరం నుంచి నిర్వహించడానికి సీ భాషలో రాసుకున్న క్లయింటు లినక్స్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ తప్ప నడవదు. సిబ్బంది బల్లల మీద ఉన్నవేమో అన్నీ విండోస్ యంత్రాలు. దీన్ని నేరుగా విండోస్‌కు పోర్ట్ చేయాలని, అంటే అక్కడ నడిచేలా మార్చి రాయాలని నా వాదన. 1999లో యూనిక్స్ తరహా ఓపెన్‌బీఎస్‌డీ కోసం పుట్టిన, దూరపు యంత్రాల్లోకి భద్రంగా ప్రవేశించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 2018 నాటికి విండోస్ 10లో చేరినప్పుడు మనది ఎందుకు చేరకూడదు?

విజయనగరం సభ్యుడు:
మాస్టారూ, ఆ ఉదాహరణ మీకు అక్కరకు రాదు. వెనుక మైక్రోసాఫ్ట్ ఉండి కూడా 2015లో ప్రకటించిన పని విండోస్‌లోకి వచ్చేసరికి 2018 అయింది. ప్రోటోకాల్‌కు, ఎన్‌క్రిప్షన్‌కు సంబంధించిన కోడ్ పెద్దగా మార్చకుండానే వచ్చేస్తుంది గాని, చిక్కంతా ఆపరేటింగ్ సిస్టమ్‌ను తాకే చోట్ల ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రాంకు నకలు తీసే ఫోర్క్ విండోస్‌లో లేదు. డేటా ఎక్కడ వచ్చిందో చూసే సెలెక్ట్ అక్కడ సాకెట్లను, అంటే నెట్‌వర్క్ కనెక్షన్లను తప్ప ప్రోగ్రాంల మధ్య పైపులను గాని కన్సోల్‌ను గాని కనిపెట్టలేదు కనుక, వాటి కోసం ఎదురుచూసే మీ ప్రధాన లూపునే తిరగరాయవలసి ఉంటుంది. ప్రైవేట్ కీ ఫైలును యజమాని తప్ప మరెవరూ చదవకుండా మనం 600 అని పెట్టే అనుమతులకు అక్కడ ఎవరికి ఏ అనుమతి ఉందో జాబితాగా రాసే ఏసీఎల్ అనే వేరే పద్ధతి ఉంది. దాన్ని సరిగా చూడని పోర్టు పైకి చక్కగా నడుస్తూనే భద్రతను గాలికి వదిలేస్తుంది, నాకు అన్నిటికన్నా భయం ఇదే. విండోస్ లోపలే లినక్స్ ప్రోగ్రాంలను నడిపే, 2016లో వచ్చిన డబ్ల్యూఎస్‌ఎల్‌లో మీ క్లయింటును ఉన్నదున్నట్టు నడుపుకోవడం మేలు.

శ్రీకాకుళం సభ్యుడు:
డబ్ల్యూఎస్‌ఎల్ రెండో వెర్షన్‌కు వర్చువలైజేషన్, అంటే యంత్రం లోపల మరో యంత్రాన్ని నడిపే సదుపాయం కావాలి. మా పాత యంత్రాల్లో దాన్ని యంత్రం మొదలయ్యేటప్పటి సెట్టింగులుండే బయోస్‌లోనే ఆపి ఉంచారు. ఆ బయోస్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో ఆ దేవుడికే తెలియాలి. పైగా మీరు భయపడిన అనుమతుల చిక్కు అక్కడా తప్పదు: సీ డ్రైవులోని కీ ఫైలు డబ్ల్యూఎస్‌ఎల్ లోపలి నుంచి మామూలుగా 777గా, అంటే అందరికీ తెరిచి ఉన్నట్టు కనిపిస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని తిరస్కరిస్తుంది. విండోస్‌లో పుట్టి యూనిక్స్‌కు వెళ్లిన ఎస్‌ఎస్‌హెచ్ క్లయింటు పుట్టీలో ఉమ్మడి కోడ్ ఒకచోట, ఒక్కో ప్లాట్‌ఫామ్‌కు చెందినది దాని డైరెక్టరీలో ఉన్నాయి. మేమూ అలాగే విడదీసి, లూపును రెండు చోట్లా నడిచే లిబ్‌యూవీ లైబ్రరీకి అప్పగిస్తాం. ఫోర్క్‌ను వాడేది వేరే ప్రోగ్రాంను ప్రారంభించడానికే గనుక విండోస్‌లోని క్రియేట్‌ప్రాసెస్ సరిపోతుంది.

విజయనగరం సభ్యుడు:
ఫోర్క్ వెంటనే, కొత్త ప్రోగ్రాంను ఎక్కించే ఎగ్జెక్‌ను పిలిచే చోట్ల మీ మాట నిజం. ఫోర్క్‌తో పుట్టిన చైల్డ్ ప్రాసెస్ తనను పుట్టించిన పేరెంట్ మెమరీలోని సెషన్‌నే వాడుకుంటూ ఉంటే మాత్రం క్రియేట్‌ప్రాసెస్ ఆదుకోదు. కీలను డబ్ల్యూఎస్‌ఎల్ సొంత హోం డైరెక్టరీలో పెట్టుకుంటే 777 బెడద ఉండదు. బయోస్ సంగతి కాదనను గాని, మొదటి వెర్షన్‌కు వర్చువలైజేషన్ అక్కరలేదు. దానితో ఒక యంత్రంలో నడిపి చూసి, కుదరకపోతేనే పోర్టుకు దిగండి. అప్పుడైనా ఏసీఎల్ తనిఖీ రాసి పరీక్షించేంతవరకు తయారైన ఆ బైనరీని (ప్రోగ్రాం ఫైలును) సిబ్బంది చేతికి ఇవ్వకండి.