లోకల్ కేబుల్ ఛానెల్ పాత క్యాసెట్లు: ఏ సంవత్సరానివో ఎలా తేల్చాలి, కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలి?

అమలాపురం వాసి
మా ఊరి పాత కేబుల్ ఛానెల్ చరిత్ర రాస్తున్నామండి. కంట్రోల్ రూమ్ మేడ మీద అట్టపెట్టెల్లో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు దొరికాయి. 1996 నవంబరు తుపాను, సంక్రాంతి తీర్థం అని లేబుళ్లున్నాయి గానీ చాలావాటికి సంవత్సరం లేదు. కొన్నిటికి తెల్ల బూజు పట్టింది. ఛానెల్ ఎప్పుడు మొదలైందో దేన్నిబట్టి చెప్పాలి? క్యాసెట్లు పాడవకుండా ఎలా ఎక్కించాలి?

హెడ్ఎండ్ మాస్టారు
ముందు ఆపరేటర్ గారి పాత ఫైళ్లు అడగండి. కేబుల్ రిజిస్ట్రేషన్ హెడ్ పోస్టాఫీసులో జరిగేది, ఏటా రెన్యువల్. దొరికినవాటిలో అన్నిటికన్నా పాత సర్టిఫికెట్ పట్టుకోండి. అయితే అదే ఛానెల్ పుట్టినరోజు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సు, 1995లో చట్టం వచ్చాకే ఈ రిజిస్ట్రేషన్. అంతకుముందు వీసీఆర్, దాని బొమ్మని కేబుల్లో ఛానెల్‌గా మార్చే మాడ్యులేటర్, ఇళ్లకు లాగడానికి వైరు ఉంటే చాలు, సినిమా వేసేవారు. ప్రోగ్రాముల రిజిస్టరు మీద ఆశ పెట్టుకోవద్దు, ఏడాది దాచితే చాలని చట్టమే చెప్పింది.

లేబుల్‌ని అస్సలు నమ్మకండి. ఒకే క్యాసెట్ మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసేవారు. కింద నడిచే స్క్రోలింగ్ ప్రకటనలు చూడండి. మీ ఎస్టీడీ కోడ్ 08856 తర్వాత ఐదంకెలే ఉంటే సుమారు 2002-03కి ముందుది. ముందు 2 చేరి ఆరంకెలైతే ఆ తర్వాతది. 9440తో బీఎస్ఎన్ఎల్ సెల్ నంబరు కనిపిస్తే 2002 అక్టోబరుకి ముందుది కాదు. బొమ్మ నిండా చుక్కలుంటే ఎవరింట్లోనో కేబుల్లోంచి రికార్డు చేసింది కావచ్చు. కంట్రోల్ రూమ్ కాపీ అంతకన్నా శుభ్రంగా ఉండాలి.

టేపు వైద్యుడు
బూజు పట్టినవి వేరే గదిలో పెట్టండి, మాస్కు కట్టుకోండి. ఒక్కటి పెడితే వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్లకీ, దాన్నుంచి మంచి క్యాసెట్లకీ అంటుకుంటుంది. మిగతావి సిలికా జెల్‌తో మూత గట్టి డబ్బాలో కొన్నాళ్లు ఉంచి, ప్లే చేసేముందు చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి. మధ్యలో బరువుగా ఆగితే బలవంతం వద్దు. అడుగున ఐదు స్క్రూలు విప్పి, చుట్లని మంచి డొక్కులోకి మార్చండి. తెగిన చోట అతికించడానికి స్ప్లైసింగ్ టేపే (టేపు అతుకులకే చేసిన పట్టీ) వాడాలి. సెల్లోటేప్ జిగురు హెడ్‌కి పడితే ఇక అంతే.

హెడ్ డ్రమ్ (హెడ్లుండే గుండ్రటి భాగం) తుడవడానికి దూది పుల్ల పనికిరాదు, పీచు ఇరుక్కుంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన తెల్లకాగితం డ్రమ్‌కి ఆనించి, డ్రమ్‌ని చేత్తో తిప్పండి. కాగితాన్ని పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరుగుతుంది.

క్యాప్చర్ (కంప్యూటర్లోకి ఎక్కించడం) 720x576, పాల్ (మన టీవీ పద్ధతి), సెకనుకి 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్‌గానే (ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా, టేపులో ఉన్నట్టే). నాణ్యత పోకుండా కుదించే హఫ్‌యువ్ గానీ ఎఫ్‌ఎఫ్‌వీ1 గానీ వాడండి, గంటకి సుమారు 30 జీబీ అవుతుంది. నేరుగా చిన్న ఎంపీ4 చేస్తే తర్వాత బాగుచేయడానికి ఏమీ మిగలదు.

అమలాపురం వాసి
ఒకటి ట్రై చేశాం. అరగంట దాటాక మాట ఒకచోట, పెదవులు ఒకచోట.

టేపు వైద్యుడు
ఫ్రేములు రాలుతున్నాయండి. పాత టేపు సిగ్నల్ ఊగుతుంది, చవక యూఎస్‌బీ క్యాప్చర్ ముక్క దాన్ని పట్టలేదు. వీసీఆర్‌కీ దానికీ మధ్య టీబీసీ (ఊగే సిగ్నల్‌ని నిలబెట్టే పెట్టె, టైమ్ బేస్ కరెక్టర్) పెట్టండి. దొరక్కపోతే పాత డీవీడీ రికార్డర్‌లోంచి పంపినా చాలావరకు నిలబడుతుంది. వీసీఆర్ మెనూలో బ్లూ స్క్రీన్ (సిగ్నల్ బలహీనమైతే నీలం తెర చూపేది) కూడా ఆపేయండి.

హెడ్ఎండ్ మాస్టారు
తుపాను క్యాసెట్ ముందు ఎక్కించండి. మధ్యలో సినిమా తగిలితే ఆ ముక్క నెట్లో పెట్టకండి, హక్కులు వేరేవాళ్లవి.