కుర్ట్ స్టూడెంట్‌ను ‘పితామహుడు’ అనొచ్చా?

పారాచూట్ దళాల చరిత్ర మీద వ్యాసం రాస్తున్నాను. జర్మన్ జనరల్ కుర్ట్ స్టూడెంట్‌ను ‘పారాచూట్ దళాల పితామహుడు’ అన్నాను. ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండి.

— వద్దండీ ఆ మాట. ఆంధ్ర కవితా పితామహుడంటే పెద్దన, పదకవితా పితామహుడంటే అన్నమయ్య, అది మనం దణ్ణం పెట్టి పలికే మాట. పైగా ఇతను మొదటివాడు కూడా కాదు, 1930లలోనే సోవియట్ సైన్యం తన విన్యాసాల్లో వందలమందిని ఒక్కసారిగా పారాచూట్లతో దించి చూపించింది. జర్మనీ ఈ పని ఇతనికి అప్పజెప్పింది 1938లో.

— మొదటివాడు కాకపోతేనేం, యుద్ధంలో చేసి చూపించింది ఇతనే కదా! రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 మేలో బెల్జియంలోని ఎబెన్ ఎమాయెల్ కోట నెత్తి మీదే గ్లైడర్లు (ఇంజన్ లేని విమానాలు) దించారు. వచ్చింది వందమంది కూడా లేరు, మర్నాటికల్లా కోట లొంగిపోయింది.

— ఆ నేర్పు కాదనను. మరి గ్రీస్‌లోని క్రీట్ ద్వీపం సంగతో? 1941 మే 20న అక్కడ దూకినవాళ్లకు పారాచూట్ తాళ్లు వీపు వెనకాల ఒక్కచోటే కట్టి ఉండేవి, గాల్లో దాన్ని ఎటూ తిప్పుకోలేరు, రైఫిళ్లేమో వేరే పెట్టెల్లో ఎక్కడో పడేవి, అవి అందుకునేలోపే ఎంతోమంది చచ్చిపోయారు. ద్వీపం చిక్కింది గానీ హిట్లర్ మళ్లీ అంత పెద్ద ఎత్తున దూకించలేదు. ఊళ్లవాళ్లు కూడా తిరగబడ్డారని మే 31న పగ తీర్చుకోమని ఆదేశాలిచ్చింది ఈ స్టూడెంటే. జూన్ 2న కొండోమరి అనే ఊళ్లో మగవాళ్లను ఆలివ్ తోటలో నిలబెట్టి కాల్చారు. మర్నాడు కండానోస్ అనే ఊరిని నేలమట్టం చేసి, 25 మంది జర్మన్ సైనికుల చావుకు ఇది బదులు, ఈ ఊరు ఇంకెప్పుడూ కట్టకూడదు అని బోర్డు కూడా పెట్టారు.

— దానికి 1947లో శిక్ష పడిందిగా?

— అది యుద్ధఖైదీల పట్ల చేసిన నేరాల కేసండీ, ఊళ్లవాళ్లది కాదు. అయిదేళ్లు వేశారు గానీ ఆ శిక్ష ఖరారు కాలేదు, 1948లో వదిలేశారు. గ్రీస్ అప్పగించమంటే అప్పగించలేదు, ఈ ఊళ్ల చావులకు అతను ఏ కోర్టులోనూ జవాబు చెప్పకుండానే 1978లో పోయాడు. అందుకే ‘జర్మన్ పారాచూట్ దళాలను తయారుచేసిన జనరల్’ అంటే చాలు. క్రీట్ దగ్గరికొచ్చాక ‘ప్రతీకార చర్యలు’ అని ఒక్క ముక్కలో దాటేయకండి, ఆ రెండు ఊళ్ల పేర్లూ రాయండి.