నగరం తనను తాను "నూరు శాతం స్వచ్ఛ విద్యుత్ నగరం" అని చెప్పుకోవచ్చా?

పొద్దుతిరుగుడు (చర్చ మొదలుపెట్టినవారు):

"మా నగరం మొత్తం పునరుత్పాదక విద్యుత్తుతోనే నడుస్తోంది" అన్న ప్రకటనలు ప్రపంచంలో చాలాచోట్ల వినిపిస్తున్నాయి. వాటి వెనక లెక్క ఎలా వేస్తారో చూశాక నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

నగరం ఏడాదంతా వాడిన యూనిట్లు ఒకవైపు రాస్తారు. అదే ఏడాదిలో నగరం పేరు మీద కొన్న గాలి, సోలార్, జలవిద్యుత్ యూనిట్లు ఇంకోవైపు రాస్తారు. రెండూ సరిపోతే నూరు శాతం అయినట్టే. మధ్యాహ్నం ఎక్కువై మిగిలిన సోలార్ విద్యుత్తును రాత్రి వాడుకున్న బొగ్గు కరెంటుకు చెల్లు వేసేస్తారు. వానాకాలంలో వీధులు మునిగి, ఎండాకాలంలో బావులు ఎండిన ఊరికి సగటున నీటి కొరతే లేదని చెప్పినట్టుంది ఇది.

ఇంకో చిక్కు సర్టిఫికెట్లతో. ఎక్కడో వెయ్యి యూనిట్ల పునరుత్పాదక విద్యుత్ తయారైతే దానికో సర్టిఫికెట్ పుడుతుంది. కరెంటు ఒకరికి, సర్టిఫికెట్ మరొకరికి అమ్మవచ్చు. అంటే నగరం పాత కరెంటే వాడుతూ, కాగితం మాత్రం కొనుక్కుని "మాది స్వచ్ఛం" అనవచ్చు.

ఏ గంటలో వాడిన విద్యుత్తుకు ఆ గంటలో తయారైన స్వచ్ఛ విద్యుత్తును చూపగలిగిన రోజునే నగరం ఆ మాట వాడాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

గాలిమర:

పొద్దుతిరుగుడు గారూ, లోపాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. కానీ మీరు సూచించిన పరిష్కారం నష్టం చేస్తుందని నా భయం. గంటల లెక్క కుదిరేదాకా నోరు మెదపొద్దంటే చాలా నగరాలు అసలు మొదలే పెట్టవు.

మెల్‌బోర్న్ సంగతి చూడండి. 2017లో అక్కడి నగర పాలక మండలి, కొన్ని విశ్వవిద్యాలయాలు, సంస్థలు కలిసి ఒక కొనుగోలు బృందంగా ఏర్పడ్డాయి. ఏడాదికి 8.8 కోట్ల యూనిట్లు కొంటామని దీర్ఘకాలిక ఒప్పందం చేసుకున్నాయి. ఆ భరోసాతో క్రౌలాండ్స్ దగ్గర 80 మెగావాట్ల కొత్త గాలి విద్యుత్ కేంద్రం లేచింది. కొనేవాడు ముందే ఖాయమైతేనే బ్యాంకులు అప్పిస్తాయి. నగరం ఇలా మాట ఇవ్వకపోతే ఆ మరలు అప్పుడు అక్కడ తిరిగేవా? ఉన్న కేంద్రం నుంచి కాగితం కొనడానికీ, లేని కేంద్రాన్ని పుట్టించే ఒప్పందానికీ చాలా తేడా ఉంది. మీరు రెండింటినీ ఒకే గాటన కట్టేశారు.

పొద్దుతిరుగుడు:

ఆ తేడాను కాదనను. మెల్‌బోర్న్ ఒప్పందం మంచిదే. కానీ 2019 జనవరి నుంచి అక్కడ నూరు శాతం అయింది ఏమిటి? పాలక మండలి సొంత వాడకం: దాని కార్యాలయాలు, వీధి దీపాలు, ఈత కొలనులు వగైరా. ఇళ్లు, దుకాణాలు, ఆఫీసు టవర్లు దాని కిందికి రావు. పాలక మండలి ఆ సంగతి స్పష్టంగానే చెప్పింది. చేతులు మారేకొద్దీ ఆ వివరం జారిపోయి "నగరం మొత్తం" అయిపోతుంది. వినేవాళ్లు ఇక చేయాల్సింది ఏమీ లేదనుకుంటారు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

లెక్కలపలక:

నేను విద్యుత్ పంపిణీ రంగంలో పనిచేస్తాను. ఈ చర్చలో మేడల మీద సోలార్ ఇంకా రాలేదు, కానీ ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి ముందే ఒక లెక్క వేసి పెడతాను.

400 చదరపు మీటర్ల పైకప్పు ఉన్న అపార్ట్‌మెంట్ అనుకుందాం. లిఫ్టు గది, నీళ్ల ట్యాంకులు, నడవడానికి దారి, నీడ పడే చోటు పోగా సగం మిగులుతుంది. కిలోవాట్‌కు సుమారు 5 చదరపు మీటర్లు కావాలి, అంటే 40 కిలోవాట్లు. ఎండ బాగా కాసే చోట కిలోవాట్ ఏడాదికి 1,400 యూనిట్లు ఇస్తుందనుకుంటే మొత్తం 56,000 యూనిట్లు. ఆ భవనంలో 40 ఇళ్లుండి, ఒక్కో ఇల్లు నెలకు 200 యూనిట్లు వాడితే ఏడాదికి 96,000. పైకప్పంతా పలకలతో నింపినా 60 శాతం దాటదు. లిఫ్టులు, నీటి మోటార్లు ఈ లెక్కలో లేవు. అంతస్తులు పెరిగే కొద్దీ ఈ శాతం ఇంకా పడిపోతుంది. కాబట్టి నిలువుగా పెరిగిన నగరం బయటి నుంచి కరెంటు తెచ్చుకోక తప్పదు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అసలు కష్టం సాయంత్రం. సూర్యుడు దిగిపోతుంటే దీపాలు, ఏసీలు, వంటగదులు అన్నీ ఒక్కసారి మొదలవుతాయి. రెండు మూడు గంటల్లో గ్రిడ్ మీద భారం నిట్టనిలువుగా లేస్తుంది. కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లోనే దీన్ని గీత గీసి చూపించారు. దాని ఆకారాన్ని బట్టి దానికి బాతు గీత అనే పేరు స్థిరపడింది. పొద్దుతిరుగుడు గారు గంటల లెక్క అడగడం అందుకే సబబు. ఏడాది లెక్కలో ఈ సాయంత్రం అసలు కనిపించదు.

అయితే నూరు దాకా వెళ్లడం ఎంత కష్టమో కూడా చెప్పాలి. లాస్ ఏంజెలెస్ కోసం అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. 80, 90 శాతం దాకా అన్ని దారులూ దాదాపు ఒకేలా ఉన్నాయి: గాలి, సోలార్, బ్యాటరీలు. ఖర్చంతా చివరి 10 శాతంలోనే విరుచుకుపడుతుంది. గాలి పడిపోయి, మబ్బు పట్టి, లైన్లు దెబ్బతిన్న కొద్ది రోజుల కోసం నిల్వ ఉంచుకునే ఇంధనం, దాన్ని మండించే యంత్రాలు కావాలి. గ్రిడ్ బ్యాటరీలు ఎక్కువగా రెండు నుంచి నాలుగు గంటలకు తయారయ్యేవి. వాటితో రోజుల తరబడి నెట్టుకురాలేం.

గాలిమర:

లెక్కలపలక గారి చివరి పేరా నా వాదననే బలపరుస్తోంది. చివరి పది శాతం అంత కష్టమైతే, తొంభై దగ్గరకు చేరిన నగరాన్ని మెచ్చుకోకుండా మాట వాడొద్దని ఆపడం ఏం న్యాయం?

కొండవాగు:

అందరూ గాలి, సోలార్ గురించే మాట్లాడుతున్నారు. నూరు శాతం అన్న కొన్ని నగరాల పద్దులో అసలు బరువు మోసేది కట్టె.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ తీసుకోండి. 2014లో వినూస్కీ నది మీది జలవిద్యుత్ కేంద్రాన్ని కొన్నాక తన కరెంటంతా పునరుత్పాదకమేనని ప్రకటించింది. దేశంలో ఆ మాట మొదట అన్న నగరాల్లో అదొకటి. అక్కడి విద్యుత్తులో పెద్ద వాటా 1984 నుంచి నడుస్తున్న 50 మెగావాట్ల మెక్‌నీల్ కేంద్రానిది. అందులో కాల్చేది చెక్క ముక్కలు. ఇంకా ఉంది: ఆ నగర విద్యుత్ సంస్థ తన కేంద్రాల నుంచి వచ్చే విలువైన సర్టిఫికెట్లను బయటివాళ్లకు అమ్ముతుంది, చౌకగా దొరికే జలవిద్యుత్ సర్టిఫికెట్లు కొని తన పద్దు నింపుకుంటుంది. దీన్ని అది దాచలేదు, వచ్చిన డబ్బుతో వినియోగదారుల బిల్లులు అదుపులో ఉంచుతున్నామని చెబుతుంది. చట్టప్రకారం తప్పు లేదు. కానీ పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ కాగితం మారినంత మాత్రాన తగ్గదు కదా.

కోపెన్‌హేగన్ కథ ఇంకా పెద్దది. 2025 నాటికి కార్బన్ తటస్థ రాజధాని, అంటే వదిలే కార్బన్‌కూ దానికి బదులుగా తగ్గించే కార్బన్‌కూ సరిపోయే నగరం, అవుతామని 2012లో ప్రణాళిక వేసుకుంది. నిజంగా గొప్ప పనులు చేసింది. ఇళ్లన్నీ దాదాపుగా ఒకే ఉమ్మడి వేడినీటి గొట్టాల వ్యవస్థకు కలిపి ఉంటాయి. ఇంటింటికీ బాయిలరు అక్కర్లేదు. ఆ వేడిని ఇచ్చే కేంద్రాలను బొగ్గు నుంచి కట్టెకు మార్చింది. అంతర్జాతీయ నియమాల ప్రకారం కట్టె కాల్చిన చోట కార్బన్ సున్నాగా రాస్తారు. చెట్టు నరికిన దేశం తన భూవినియోగం పద్దులో రాసుకోవాలి. నగరం పద్దు అలా ఒక్కసారిగా తేలికైపోయింది. కార్లు వదిలే పొగకు బదులుగా గాలిమరల మిగులు విద్యుత్తును చూపాలన్నది ప్రణాళికలో ఇంకో భాగం. ఇంత చేసినా 2022 ఆగస్టులో ఆ గడువు అందుకోలేమని నగరం చెప్పేసింది. చెత్త కాల్చి విద్యుత్తు, వేడి ఇచ్చే అమాగర్ బాకె కేంద్రంలో కార్బన్‌ను పట్టి నిల్వ చేయాలనుకున్నారు. దానికి నిధులు రాలేదు.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నరికిన చెట్టు తిరిగి ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. మనకున్న గడువూ దశాబ్దాలే. నరికిన చోట రాసుకుంటారులే అని నగరం చేతులు దులుపుకోకూడదు.

బాటసారి:

ఒక్క మాట. నగరం వదిలే కార్బన్ అంతా కరెంటులోనే లేదు. స్టాక్‌హోమ్ 2006లో నగరంలోకి వచ్చే వాహనాల మీద రద్దీ రుసుము పెట్టి చూసింది. రుసుము వసూలు చేసే సరిహద్దు దాటే వాహనాలు దాదాపు 20 శాతం తగ్గాయి. మొదట్లో ఎక్కువమంది వ్యతిరేకించారు, ఫలితం చూశాక అనుకూలంగా ఓటేశారు. 2007లో అది శాశ్వతమైంది. న్యూయార్క్‌లో దాదాపు మూడింట రెండు వంతుల ఉద్గారాలు భవనాలవే. అందుకే 2019లో పెద్ద భవనాలకు ఉద్గారాల పరిమితి పెడుతూ చట్టం చేసింది, 2024 నుంచి అమలవుతోంది. "నూరు శాతం" అన్న బోర్డు ఈ కష్టమైన పనులన్నిటినీ వెనక్కి నెట్టేస్తుందని నా బాధ. కాంట్రాక్టు మీద సంతకం పెట్టడం తేలిక. ఓటర్ల కార్ల మీద రుసుము వేయడానికి ధైర్యం కావాలి.

లెక్కలపలక:

బాటసారి గారి మాటను మళ్లీ గంటల దగ్గరికి తెస్తాను, ఎందుకంటే రెండూ ఒకటే సమస్య. రాత్రి వాడకం తగ్గించిన ప్రతి యూనిట్టూ గ్రిడ్‌కు అన్నిటికన్నా విలువైనది. లాస్ ఏంజెలెస్ 2009లో మొదలుపెట్టి సుమారు 1,40,000 వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చింది. వాటి విద్యుత్ వాడకం 60 శాతానికి పైగా తగ్గింది. వీధి దీపాలు వెలిగేదే సోలార్ లేని వేళల్లో.

చల్లదనం కూడా అంతే. టొరంటో 2004 నుంచి ఒంటారియో సరస్సులో 83 మీటర్ల లోతు నుంచి సుమారు 4 డిగ్రీల నీటిని తోడి, దాని చల్లదనంతో నగర కేంద్రంలోని పెద్ద భవనాలను చల్లబరుస్తోంది. వేసవి మధ్యాహ్నాల్లో ఏసీల కోసం కావాల్సిన కరెంటు అంత మేరకు అడగకుండానే తప్పిపోతుంది. ఏడాది లెక్కలో ఇలాంటి పనులు చిన్నవిగా కనిపిస్తాయి. గంటల లెక్కలో వీటి అసలు ఎత్తు తెలుస్తుంది. నగరం దేని మీద డబ్బు పెట్టాలన్నది లెక్క వేసే పద్ధతిని బట్టి మారిపోతుంది.

గాలిమర:

ఇది బలమైన వాదన, ఒప్పుకుంటాను. కానీ ఒప్పందాలకు భయపడేలా చేయొద్దు. టెక్సాస్‌లోని జార్జ్‌టౌన్ అనే చిన్న నగరం గాలి, సోలార్ విద్యుత్తుకు దీర్ఘకాలిక ఒప్పందాలు చేసుకుంది. తన అవసరం కన్నా ఎక్కువే కొంది. తర్వాత మార్కెట్లో విద్యుత్ ధర పడిపోయింది, మిగులును తక్కువకు అమ్ముకోవాల్సి వచ్చింది, బిల్లులు పెరిగాయి. వెంటనే "చూశారా, స్వచ్ఛ విద్యుత్తు కొంపముంచింది" అన్నారు. ముంచింది అవసరాన్ని మించి కొనడం, ధర అంచనా తప్పడం. గాలి కాదు, ఎండా కాదు. గంటల లెక్క ముందే వేసి ఉంటే మిగులు ఏ వేళల్లో, ఎంత వస్తుందో తెలిసేది కదా.

మరి గంటల లక్ష్యం పెట్టుకున్న నగరం ఎక్కడైనా ఉందా? ఊహల్లో మాట్లాడుకుంటే సరిపోదు.

పొద్దుతిరుగుడు:

ఉంది. అయోవా రాష్ట్రంలోని డెమోయిన్ నగర మండలి 2021 జనవరిలో, 2035 నాటికి ఇరవై నాలుగు గంటలూ కార్బన్ రహిత విద్యుత్తు కావాలని తీర్మానించింది. అమెరికాలో అలా అన్న మొదటి నగరం అదే. అమలు ఎలా జరుగుతుందో చూడాలి, కానీ లక్ష్యం రాసిన తీరు సరైనది.

ఇంకోటి. నగరాలు ఉద్గారాల పద్దు రాయడానికి 2014లో ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం ప్రధాన లెక్క నగరానికి కరెంటిచ్చే గ్రిడ్‌లో నిజంగా ఉన్న మిశ్రమాన్ని బట్టే వేయాలి. సర్టిఫికెట్లు, ఒప్పందాలు కలిపిన లెక్కను విడిగా చూపవచ్చు. అంటే నేను అడిగేది కొత్త నియమం కాదు. ఉన్న ప్రమాణంలోని మొదటి అంకెను దాచి, రెండోదాన్ని బోర్డు మీదకు ఎక్కించొద్దని అడుగుతున్నాను.

గాలిమర గారికి ఒక సూచన. నగరం మూడు అంకెలు పక్కపక్కనే ప్రకటించాలి: గ్రిడ్ మిశ్రమం ప్రకారం ఎంత, ఒప్పందాల ప్రకారం ఎంత, గంటల ప్రకారం ఎంత. కొత్త కేంద్రాన్ని పుట్టించిన ఒప్పందానికి దక్కాల్సిన పేరు రెండో అంకెలో దక్కుతుంది.

గాలిమర:

మూడు అంకెలకు నాకు అభ్యంతరం లేదు. గంటగంట వాడకం నమోదు చేసే మీటర్లు లేని నగరాలు మూడో అంకెను అంచనాగా ఇవ్వవచ్చని రాయండి. లేకపోతే చిన్న నగరాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

కొండవాగు:

అంచనాగా ఇవ్వడం సరే. నాలుగో వరుస కూడా కావాలి: కట్టె, చెత్త కాల్చి తీసిన విద్యుత్తు విడిగా, పొగగొట్టం నుంచి వచ్చిన కార్బన్‌తో సహా. చెత్తలోని ప్లాస్టిక్ పెట్రోలియం, సహజవాయువుల నుంచి పుట్టిందే, కాబట్టి ఆ భాగాన్ని శిలాజ ఇంధనంగానే రాయాలి. కట్టెను సున్నాగా రాయడాన్ని సమర్థించేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, తిరిగి ఎదిగే కాలాన్ని వాళ్లు లెక్కలో ఎలా పట్టిస్తారో రాయండి.