ఎంపీలు పరాయి దేశం పోయి రక్షణ సంగతులు మాట్లాడితే మిత్రుడికి మేలా, చేటా?

నారాయణగూడ రాజు:
ఆదివారం పొద్దున మామయ్యతో నెక్లెస్ రోడ్డు మీద నడక. పీవీ జ్ఞానభూమి దగ్గరికి రాగానే ఆయన ఆగి దణ్ణం పెట్టి, "1994లో ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయిని జెనీవా పంపాడు చూడు, అదీ రాజనీతంటే" అని మొదలెట్టారు. నేను ఊరుకోలేక "మరి అమెరికా దిగువ సభ స్పీకర్‌గా పెలోసీ తైవాన్ వెళ్లడం కూడా రాజనీతేనా?" అన్నాను. అంతే, సంజీవయ్య పార్కు దాకా వాదనే. ఇంటికొచ్చాక అత్తయ్య ఉప్మా ప్లేట్లు చేతికిచ్చి ఇద్దరి నోళ్లూ మూయించింది. మిగిలిన వాదన ఇక్కడ పెడుతున్నా.

ఆవిడ 2022 ఆగస్టు 2న తైపే వెళ్లారు. అంతకు ముందే సొంత అధ్యక్షుడు బైడెన్, ఇప్పుడు వెళ్లడం మంచిది కాదని మా సైన్యం అనుకుంటోందని విలేకరులకు చెప్పాడు. అయినా వెళ్లారు. 4వ తేదీ నుంచి తైవాన్ ద్వీపం చుట్టూ చైనా ఆరు చోట్ల విన్యాసాలు మొదలెట్టింది, క్షిపణులు వదిలింది. అందులో ఐదు సముద్రంలో తమ ప్రత్యేక ఆర్థిక మండలంలో పడ్డాయని జపాన్ చెప్పింది. అమెరికాతో సైన్యాధికారుల చర్చలు, వాతావరణ చర్చలు చైనా ఆపేసింది. అప్పటికి ఆవిడ విమానమెక్కి దక్షిణ కొరియా వెళ్లిపోయారు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం అంటే ఇదే. దేశాల మధ్య రక్షణ మాటలు ప్రభుత్వాలే మాట్లాడుకోవాలి. ఎంపీలకి ఫొటోలు మిగులుతాయి, మిత్రుడికి తలనొప్పి మిగులుతుంది. కాదనేవాళ్లు చెప్పండి.

నల్లగొండ నర్సన్న:
నేనైతే రాజన్న దిక్కే. క్షిపణుల సంగతి అందరికీ ఎరుకే, పండ్ల సంగతి ఎవరూ చెప్పరు. పెలోసీ పోయిన తెల్లారే తైవాన్ నిమ్మ, నారింజ జాతి పండ్లు మాకొద్దని చైనా ఆపేసింది. కొన్ని రకాల చేపలు గూడ. మాది బత్తాయి తోట అన్నా. బాటసింగారం మార్కెట్ల లారీ దించినంక "ఇయ్యాల కొంటలేం" అంటే ఎట్లుంటదో నాకు తెలుసు. కాయ ఎండల మెత్తబడుతుంటది, లారీ కిరాయి మీటర్ తిరుగుతుంటది. ఆ తైవాన్ రైతు ఎవర్ని పిలిచిండు, ఎవరు వచ్చిండ్రు?

మలక్‌పేట మాస్టారు:
రాజూ, మీ మామయ్యగారి పక్షాన నిలబడే వాడు ఒకడైనా ఉండాలి కదా, నేనున్నాను. ముప్పయ్యేళ్లు రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కొంచెం నిడివి భరించాలి.

1994 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో కశ్మీర్ మీద పాకిస్తాన్ ఒక తీర్మానం తెచ్చింది. పీవీకి సభలో మెజారిటీ అంతంతమాత్రం, పంజాబ్ ఉగ్రవాదం నుంచి దేశం అప్పుడప్పుడే తేరుకుంటోంది, ఖజానా పరిస్థితి 1991 నాటి దెబ్బ నుంచి ఇంకా పూర్తిగా కోలుకోలేదు. అలాంటప్పుడు తనను రోజూ సభలో దుమ్మెత్తిపోసే వాజ్‌పేయికే బృందం నాయకత్వం అప్పగించాడు. సల్మాన్ ఖుర్షీద్, ఫరూక్ అబ్దుల్లా కూడా అందులో ఉన్నారు. ఫిబ్రవరి 22న పార్లమెంటు ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. చివరికి పాకిస్తాన్ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. అధికారపక్షం మనిషి ఎంత చెప్పినా "ప్రభుత్వం మాట" అనుకుంటారు. ప్రతిపక్షం మనిషి అదే మాట చెబితే "దేశం మాట" అనుకుంటారు. ఆ తేడాను కాదనగలవా?

కేపీహెచ్‌బీ శ్రీలత:
మాస్టారూ, సగం కథే చెప్పారు. పాకిస్తాన్ వెనక్కి తగ్గింది జెనీవాలో ఉపన్యాసాలు విని కాదండి. విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్ ఒంట్లో బాగోలేకపోయినా టెహ్రాన్ వెళ్లి ఇరాన్ అధ్యక్షుడు రఫ్సంజానీని కలిశారు. ఇరాన్, చైనా రెండూ పాకిస్తాన్‌కి వద్దని చెప్పాయి. పనయింది అక్కడ. వాజ్‌పేయి వెళ్లడం అందంగా ఉంది, నేనూ ఒప్పుకుంటాను, కానీ పెళ్లిలో సన్నాయి బాగుందని మంగళసూత్రం సన్నాయివాడే కట్టాడంటే ఎలా?

ఇంకో సంగతి. మన దగ్గరికి వచ్చే వాళ్ల మాటేమిటి? 2019 అక్టోబరులో ఐరోపా పార్లమెంటు సభ్యులు 23 మందిని శ్రీనగర్ తీసుకెళ్లి తిప్పాం. అదే నెలలో, కశ్మీర్ వెళ్తానంటే తనకు అనుమతి ఇవ్వలేదని అమెరికా సెనేటర్ క్రిస్ వాన్ హోలెన్ చెప్పాడు. డిసెంబరులో వాషింగ్టన్ వెళ్లిన జైశంకర్, అమెరికా ఎంపీ ప్రమీలా జయపాల్ ఉంటే వాళ్ల దిగువ సభ విదేశాంగ కమిటీని కలవనని ఆ సమావేశమే మానుకున్నారు. అంటే పొగిడేవాళ్లొస్తే పార్లమెంటరీ సంబంధాలు, ప్రశ్నించేవాళ్లొస్తే జోక్యం. ఇది మనొక్కళ్ల జబ్బు కాదు, అన్ని దేశాలదీ. అందుకే ఈ పర్యటనల మీద నాకు పెద్ద గౌరవం లేదు.

నల్లగొండ నర్సన్న:
సన్నాయి ముచ్చట మస్తుంది అక్కా 😀

ఆదిబట్ల ఫిట్టర్:
నేను రాజకీయాలు చదువుకున్నవాణ్ణి కాదు. ఆదిబట్లలో విమాన భాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తా. పేరు రాయను, రాస్తే రేపు హెచ్‌ఆర్ పిలుస్తుంది. మా దగ్గర ఫ్రేముకి వేసిన ప్రతి రంధ్రానికీ ఒక కాగితం ఉంటుంది. ఎవరు వేశారు, ఏ డ్రిల్లు, ఎవరు కొలిచారు, అన్నీ. ఆ కాగితాల అలవాటుతోనే ఈ సంగతి కూడా కొంచెం తవ్వాను.

అమెరికా ఎవరికైనా పెద్ద ఆయుధం అమ్మాలంటే వాళ్ల కాంగ్రెస్‌కి ముందు తెలియజేయాలి. (కాంగ్రెస్ అంటే వాళ్ల పార్లమెంటు అన్నా, గాంధీభవన్ కాదు.) నాటో దేశాలు, జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, న్యూజిలాండ్‌లకైతే 15 రోజుల గడువు, మనకి 30 రోజులు. ఇది చట్టంలో ఉన్నది. చట్టంలో లేనిది ఇంకోటుంది. అధికారికంగా తెలియజేసే ముందే ఉభయ సభల విదేశాంగ కమిటీల పెద్దలకు ఫైలు చూపించడం వాళ్ల ఆనవాయితీ. అందులో ఒక్కరు "ఆగండి" అన్నా ఫైలు అక్కడే కూర్చుంటుంది.

మనకే జరిగింది. 31 ఎంక్యూ-9బీ డ్రోన్ల బేరం. అమెరికాలో ఉంటున్న ఖలిస్తానీ నాయకుడు పన్నూ హత్యకు కుట్ర కేసులో జవాబుదారీ తేలాలంటూ సెనేట్ విదేశాంగ కమిటీ చైర్మన్ బెన్ కార్డిన్ దాన్ని కొన్ని నెలలు పట్టుకున్నాడు. బైడెన్ ప్రభుత్వంతో మాటలయ్యాక వదిలాడు. 2024 ఫిబ్రవరి 1న కాంగ్రెస్‌కి తెలియజేశారు, విలువ దాదాపు 4 బిలియన్ డాలర్లు. అక్టోబరులో సంతకాలయ్యాయి. ఒక్క మనిషి, రాజన్నా. మంత్రి కాదు, రాయబారి కాదు, ఒక సెనేటర్.

అలాంటాయన రేపు ఢిల్లీ వస్తే మనం ఫొటో కోసం కలుస్తామా, ఫైలు కోసమా? పెలోసీ 2022 ఏప్రిల్ ఆఖర్న కీవ్ వెళ్లి జెలెన్‌స్కీని కలిశారు. మే 10న వాళ్ల దిగువ సభ ఉక్రెయిన్‌కి 40 బిలియన్ డాలర్ల సాయం 368-57 ఓట్లతో పాస్ చేసింది. వెళ్లినందుకే వచ్చిందని నేననను. కానీ చెక్కు మీద సంతకం పెట్టేవాడు కంటితో చూసొచ్చాడు, అంతవరకు ఖాయం. కాబట్టి నా లెక్క ఇది: వచ్చే ఎంపీ వెనక ఏ తాళం చెవి ఉందో చూడాలి. తాళం చెవి ఉన్నవాడు వస్తే పని, లేనివాడు వస్తే టీ, బిస్కెట్.

నారాయణగూడ రాజు:
ఫిట్టర్ అన్నా, మంచి పాయింటు, కానీ అదే నా వాదనకి పనికొస్తుంది. మన ఎంపీల దగ్గర ఏ తాళం చెవి ఉంది? అణు ఒప్పందం చూడు. 2008లో వాళ్ల ఉభయ సభలూ ఆ ఒప్పందం మీదే ఓటేశాయి. మన లోక్‌సభ ఓటేసింది ఒప్పందం మీద కాదు, జూలై 22న మన్మోహన్ ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానం, 275-256. అందులో కూడా జనానికి గుర్తుండిపోయింది సభలో ఊపిన నోట్ల కట్టలే. మన దగ్గర ఒప్పందాలు చేసేది మంత్రివర్గం, పార్లమెంటు ఆమోదించాలన్న నియమం లేదు. మరి మన ఎంపీ విమానమెక్కి రియాద్ పోతే అవతలివాడు ఏం చూసి వినాలి?

ఇక తైవాన్‌కి తాళం తెరుచుకుందా? 2022 డిసెంబరులో అమెరికావాళ్లు ఐదేళ్లలో 10 బిలియన్ డాలర్ల దాకా సైనిక సాయానికి చట్టంలో అనుమతి ఇచ్చారు, నిజమే. కానీ ఆ ఏడాది బడ్జెట్‌లో గ్రాంటు పెట్టలేదు, అప్పుకి మాత్రం వీలు కల్పించారు. వంటల పుస్తకం ఇచ్చి బియ్యం ఇవ్వనట్టు.

మలక్‌పేట మాస్టారు:
ఏం చూసి వింటాడు అని అడిగావు. 2025 చూడు. పహల్గామ్‌లో 26 మందిని చంపాక, ఆపరేషన్ సిందూర్ తర్వాత మన ప్రభుత్వం ఏడు అఖిలపక్ష బృందాలను పంపింది. మన హైదరాబాద్ ఎంపీ ఒవైసీ, బైజయంత్ పాండా బృందంలో సౌదీ, కువైట్, బహ్రెయిన్, అల్జీరియా వెళ్లాడు. పురందేశ్వరి ఐరోపా వెళ్లారు, హరీశ్ బాలయోగి థరూర్‌తో అమెరికా ఖండాలు. ఇంట్లో ఒవైసీకీ బీజేపీకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆయన గల్ఫ్‌లో నిలబడి మాట్లాడితే ఆ మాటకు వేరే బరువు. ఆ బరువు ఏ రాయబార కార్యాలయమూ తేలేదు.

ఫలితమేదీ అంటావు. కొలంబియా ఉంది. సిందూర్ దాడుల్లో పాకిస్తాన్‌లో పోయినవారికి కొలంబియా సంతాపం చెప్పింది. థరూర్ బొగోటాలోనే మాకు నిరాశ కలిగిందని బహిరంగంగా చెప్పాడు. వాళ్లు ఆ ప్రకటనను ఉపసంహరించుకున్నారు. ఏ తాళం చెవీ లేని ఎంపీయే అది సాధించాడు.

కేపీహెచ్‌బీ శ్రీలత:
కొలంబియా ఒప్పుకుంటాను మాస్టారూ. నాకు గుచ్చుకునేది వేరే. కాంగ్రెస్ పార్టీ ఇచ్చిన నలుగురి పేర్లలో థరూర్ పేరే లేదు, ప్రభుత్వమే ఎంచుకుంది. ప్రతిపక్షం తరఫున ఎవరు మాట్లాడాలో అధికారపక్షం తేలిస్తే అది "దేశం మాట" ఎలా అవుతుంది? పీవీ మనసుకి నచ్చిన ఎవరో చిన్న నాయకుణ్ణి ఏరుకోలేదు, నేరుగా ప్రతిపక్ష నాయకుణ్ణే అడిగాడు. మీరు చెప్పిన తేడా నిలవాలంటే అలా పంపాలి.

ఇంకోటి. జూన్ మొదట్లో వాషింగ్టన్‌లో థరూర్ బృందం ఉన్నప్పుడే పాకిస్తాన్ నుంచి బిలావల్ భుట్టో బృందమూ అక్కడే ఉంది. ఒకే వీధిలో రెండు కచేరీలు. విన్నవాళ్లు ఇద్దరికీ చప్పట్లు కొట్టి పంపి ఉంటారని నా అనుమానం.

రాజు గారూ, మీతో కూడా ఒక పేచీ ఉంది. తైవాన్‌కి తలనొప్పి అంటున్నారు, తైవాన్ అలా అందా? అప్పటి అధ్యక్షురాలు త్సాయ్ పెలోసీకి పతకం వేసి సత్కరించింది. ఓట్లతో గెలిచిన ప్రభుత్వం రమ్మంటే మనం నెక్లెస్ రోడ్డు మీద నిలబడి వద్దనడం, ఎద్దు పుండు మీద కాకి జాలి చూపించినట్టు ఉంటుంది.

నల్లగొండ నర్సన్న:
పతకం వేసింది ప్రభుత్వం అక్కా, కాయలు మురిగింది రైతుయి. రెండూ ఒకటే ఇల్లు కాదు. ఎన్నికలల్ల ఓటేసినోడు "క్షిపణులు రమ్మను" అని ఓటేసిండా?

ఆదిబట్ల ఫిట్టర్:
నర్సన్నా, ఆ ప్రశ్న అమెరికా ఎంపీని కాదు, తైవాన్ ప్రభుత్వాన్ని అడగాలి. పిలిచినోళ్లే నష్టం లెక్క గూడ కట్టాలి. నాకు సెకండ్ షిఫ్ట్ బస్సు వచ్చింది, మిగతాది రాత్రికి.

నారాయణగూడ రాజు:
ఇదంతా మామయ్యకి వాట్సాప్‌లో పంపాను. టెహ్రాన్ సంగతి చదివి కాసేపు బ్లూ టిక్కులు పెట్టి ఊరుకున్నారు. ఇప్పుడే జవాబొచ్చింది: "దినేశ్ సింగ్‌ని టెహ్రాన్ పంపింది మాత్రం ఎవరు?" శ్రీలత గారూ, మీ వంతు.