బెర్లిన్‌లో సిమోన్ డాఖ్ స్ట్రాసె మీద ఫ్లాట్ దొరికేలా ఉంది, పాపతో ఉండగలమా?

కొత్తగా_బెర్లిన్:

అందరికీ నమస్తే. బెర్లిన్ వచ్చి ఐదు వారాలైంది, కంపెనీ వాళ్ళిచ్చిన సర్వీస్ అపార్ట్‌మెంట్ ఇంకో మూడు వారాల్లో ఖాళీ చేయాలి. ఆఫీసు వార్షావర్ స్ట్రాసె స్టేషన్ పక్కనే. ఇప్పటిదాకా ఎనభైకి పైగా అప్లికేషన్లు పెట్టాను, ఆరింటికి జవాబొచ్చింది, అందులో రెండు "ఓనర్ వేరే దేశంలో ఉన్నారు, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాం" అనే దొంగ బాపతు. షుఫాలో (ఇక్కడి సిబిల్ లాంటిది) మనకి ఇంకా హిస్టరీ ఏమీ లేదు కాబట్టి మిగతా వాళ్ళు కూడా పెద్దగా పట్టించుకోలేదు. చివరికి ఒక్కటి మాత్రం ఇచ్చేలా ఉన్నారు, నా భయమంతా దాని గురించే.

ఫ్లాట్ ఫ్రీడ్రిక్స్‌హైన్‌లో, సరిగ్గా సిమోన్ డాఖ్ స్ట్రాసె మీదే. పాత బిల్డింగు, రెండో అంతస్తు, రెండు గదులు, 54 చదరపు మీటర్లు, స్టవ్ సింకు అన్నీ ఉన్న వంటగది. కాల్ట్ (ఉత్త అద్దె) 1,150 యూరోలు, వార్మ్ (హీటింగు, మెయింటెనెన్స్ కలిపి) 1,390. డిపాజిట్ మూడు నెలల కాల్ట్. రెండేళ్ళ దాకా ఖాళీ చేయకూడదని కాంట్రాక్టులో ఒక లైను కూడా ఉంది. ఆఫీసుకి నడిచి పది నిమిషాలు.

చూడ్డానికి మంగళవారం పొద్దున పదకొండింటికి పిలిచారు. వీధంతా చెట్లు, కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి గొలుసులేసి ఉన్నాయి, ఎక్కడా చడీచప్పుడు లేదు, ఇంత మంచి వీధిలో మనకి ఇల్లా అనుకుని చాలా సంతోషపడ్డాను. ఆఫీసుకొచ్చి చెప్తే మా టీమ్‌లో జర్మన్ అబ్బాయి "రాత్రి పూట వెళ్ళి చూశావా" అన్నాడు, అంతే, అప్పట్నుంచి నిద్ర లేదు. మా ఆవిడ, పద్నాలుగు నెలల పాప జూన్‌లో వస్తున్నారు. పాప ఎనిమిదింటికల్లా పడుకుంటుంది, చిన్న శబ్దానికే లేచి కూర్చుంటుంది.

ఇంకోటి లిష్టెన్‌బెర్గ్‌లో పదకొండంతస్తుల బిల్డింగులో చూశాను, అద్దె తక్కువ, కానీ వంటగది అంటే ఖాళీ గది, పైపులు తప్ప ఏమీ లేవు, పైగా ఇస్తామని ఇంకా చెప్పలేదు.

అక్కడ ఉన్నవాళ్ళు చెప్పండి, రెండు పొరల కిటికీలు వేసేస్తే శబ్దం ఆగుతుందా? ఆవిడ ఒక్కతే రాత్రి తొమ్మిదింటికి పాపని తీసుకుని నడవగలదా? తీసుకున్నాక భరించలేకపోతే అద్దె తగ్గించమని అడగొచ్చా, మధ్యలో వదిలేసి వెళ్ళొచ్చా?

గోదారి_గట్టు:

తమ్ముడూ, నేను ఆ పక్క వీధిలో మూడేళ్ళున్నాను, పెళ్ళికి ముందు. నాకా ఏరియా అంటే ఇప్పటికీ ప్రాణం, అయినా సరే నువ్వడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా.

మొదట అడగాల్సిన మాట ఒకటే, పడకగది కిటికీ ఎటుంది? ఇక్కడి పాత బిల్డింగులన్నీ వీధి వైపు ఒక భాగం, లోపల పెరడు, ఆ పెరట్లో వెనక ఇంకో భాగం, ఇలా కట్టినవే. వీధి వైపు దాన్ని ఫోర్డర్‌హౌస్ అంటారు, వెనక దాన్ని హింటర్‌హౌస్. ఒకే గేటు, ఒకే అడ్రసు, కానీ రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. నేనుంది వెనక భాగంలో, శుక్రవారం రాత్రి కూడా పెరట్లో ఎవరో సైకిల్ తాళం తీస్తే వినపడేంత నిశ్శబ్దం. వీధి వైపు మా ఫ్రెండ్ ఉండేవాడు, వాడింటికి వెళ్తే పన్నెండు తర్వాత గట్టిగా మాట్లాడుకోవాల్సి వచ్చేది.

కిటికీల సంగతి. పాత ఇళ్ళల్లో రెండు వరసల చెక్క కిటికీలు మూస్తే మాటలు చాలావరకు ఆగుతాయి, పాటల్లో దడదడమనే బేస్ మాత్రం ఆగదు. కింద బార్ ఉంటే అది గోడల్లోంచి, నేలలోంచి వస్తుంది, మంచం పక్కన గ్లాసులో నీళ్ళు వణుకుతుంటే చూశాను నేను. పైగా మీవాళ్ళు వచ్చేది జూన్‌లో. ఇక్కడ ఇళ్ళల్లో ఏసీలుండవు, ఎండాకాలం కిటికీ తెరవకపోతే పాత బిల్డింగు ఉక్కపోతకి పాప పడుకోదు, తెరిస్తే వీధంతా మీ గదిలోనే ఉంటుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే, మళ్ళీ ఐదు కాకముందే తెల్లారిపోతుంది, జనం ఆ మధ్యలో ఇంటికి పోరు. నువ్వు చూసింది ఏప్రిల్‌లో, అదీ మంగళవారం పగలు, అది లెక్కలోకే రాదు.

ఇక్కడ బార్లకి ఇంతింటికి మూసెయ్యాలన్న రూలు కూడా లేదు, పశ్చిమ బెర్లిన్‌లో 1949లోనే ఎత్తేశారు, గోడ పడ్డాక ఊరంతా అదే పద్ధతి. మన జూబ్లీహిల్స్‌లో లాగా పోలీసులొచ్చి షట్టర్ దింపిస్తారనుకోకు. శుక్ర, శనివారాలు యూబాన్, ఎస్‌బాన్ రైళ్ళు రాత్రంతా తిరుగుతాయి, ఎం10 ట్రామ్ అయితే అన్ని రోజులూ రాత్రంతా ఉంటుంది, కాబట్టి మూడింటికి కూడా కొత్త జనం దిగుతూనే ఉంటారు. రెండు వీధులు దాటితే రైల్వే వాళ్ళ పాత రిపేర్ యార్డు, 1867 నాటిది, ఇప్పుడక్కడంతా క్లబ్బులే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ నిద్ర లేపింది మాత్రం పాటలు కాదు, సూట్‌కేసులు. చుట్టూ హాస్టళ్ళు ఎక్కువ, ఫుట్‌పాత్‌లు రాళ్ళు పరిచినవి, పొద్దున నాలుగింటికి ఫ్లైటుకి పోయేవాళ్ళు చక్రాల పెట్టె లాక్కెళ్తుంటే ఆ టకటకటక వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వస్తూనే ఉంటుంది. ఖాళీ సీసాలు ఏరుకునే పెద్దాయన ఒకాయన వచ్చేవాడు, ఖాళీ బీరు సీసా షాపులో తిరిగిస్తే 8 సెంట్లొస్తాయి కదా, పాపం ఆయన బతుకు అది, కానీ ఆ సంచి గలగల రెండింటికోసారి, ఐదింటికోసారి.

శుక్రవారమో శనివారమో రాత్రి ఒంటిగంటకి వెళ్ళి ఆ కిటికీ కింద ఒక గంట నిలబడు. సంతకం ఆ తర్వాతే.

గుంటూరు_అక్క:

నేను ఇద్దరు పిల్లలతో బాక్స్‌హాగెనర్ ప్లాట్జ్ అనే పార్కు దగ్గర రెండేళ్ళు ఉన్నానండి, ఆడవాళ్ళ వైపు నుంచి చెప్తాను.

భయం గురించి అయితే, రాత్రి తొమ్మిదింటికి ఆ వీధిలో నడవడానికి నేనెప్పుడూ భయపడలేదు, ఎందుకంటే చుట్టూ జనం ఉంటారు, దీపాలుంటాయి, భోంచేస్తున్న కుటుంబాలు కూడా ఉంటాయి. నాకు ఇబ్బందనిపించింది రేవాలర్ స్ట్రాసె, వార్షావర్ వంతెన వైపు. మత్తు అమ్మేవాళ్ళు నిలబడి ఉంటారు, మనల్ని ఏమీ చెయ్యరు, కానీ స్ట్రోలర్‌తో వాళ్ళ మధ్యలోంచి వెళ్ళాలంటే బాగోదు కదా. ఆ వంతెన మీద జేబులు కొట్టేవాళ్ళూ ఎక్కువే, ఫోను చేతిలో పట్టుకుని తిరగొద్దని ఆవిడకి చెప్పండి.

పగటి పూట మాత్రం ఆ ఏరియా పిల్లలకి బంగారం లాంటిది. ప్లాట్జ్‌లో ఆడుకునే చోటుంది, శనివారం కూరగాయల సంత, ఆదివారం పాత సామాన్ల సంత, మా పెద్దాడి మొదటి సైకిల్ అక్కడ కొన్నదే. కొత్తగా వచ్చి ఇంట్లో ఒక్కతే కూర్చునే ఆడపిల్లకి కిందకి దిగితే నలుగురు కనిపించడం ఎంత అవసరమో నాకు తెలుసు, మొదటి చలికాలం నేను ఊరి చివర ఒక్కదాన్నే ఏడుస్తూ గడిపాను. అందుకే అసలు వద్దు అని మాత్రం నేను చెప్పను.

కానీ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆ వీధిలో ఒకసారి స్ట్రోలర్ తోసి చూడండి. గాజు పెంకులు. చిన్నోడు నడక నేర్చుకునే రోజుల్లో ముందు నేను చెప్పుల కాలితో పెంకులు పక్కకి నెట్టుకుంటూ పోతే వాడు వెనకాల వచ్చేవాడు, మెట్ల దగ్గర వాసన సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఒక్క కారణంతో మేము ఫ్రాంక్‌ఫుర్టర్ అలే దాటి ఉత్తరం వైపు సామరిటర్ స్ట్రాసె దగ్గరికి మారాం. నడిస్తే పావుగంట దూరం, అంతే, కానీ అక్కడ రాత్రి నిద్ర పడుతుంది, పొద్దున అదే సంతకి వెళ్ళొస్తాం. ఆ వైపు కూడా వెతకండి, యూ5 మెట్రో లైను పక్కనే.

లింగంపల్లి_లోకల్:

అన్నా, నేను కాంట్రాక్టు ముచ్చట చెప్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్న మనిషిని. ఇక్కడికొచ్చి ఆరేండ్లయితుంది, మొదటి ఇల్లు నోయ్‌కోల్న్‌ల ఒక బార్ మీదనే తీసుకున్న.

ఇక్కడ చట్టంల రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాకా సప్పుడు చేయొద్దు, ఆదివారాలు పండుగలు దినమంతా చేయొద్దు. అది సూసి నేను సంబరపడ్డ, సప్పుడైతే అద్దె తగ్గించి కడత అనుకున్న. వకీలు దగ్గరికి పోతే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, సంతకం పెట్టేనాడు కింద బార్ ఉన్నదని నీకు ఎరుకనా? ఎరుకే. అయితే ఆ లోపం తెలిసే తీసుకున్నట్టు, ఇగ అద్దె తగ్గించే హక్కు లేదు అన్నది. నువ్వు గూడ గంతే, సిమోన్ డాఖ్ మీద ఇల్లు తీసుకుని బార్ల సంగతి నాకు తెల్వదంటే ఎవ్వరూ నమ్మరు. ఆ హక్కు సంతకంతోనే పోతది, మంచిగ యాదిపెట్టుకో.

రెండేండ్లు ఖాళీ చేయొద్దన్న లైను ఉన్నది సూడు, అది ఉత్తగ రాసింది కాదు. మామూలుగా కిరాయికున్నోళ్ళు ఎప్పుడైనా మూడు నెలల నోటీసుతో పోవచ్చు, కానీ ఇద్దరూ ఒప్పుకుంటే నాలుగేండ్ల దాకా ఆ హక్కు ఆపుకోవచ్చని ఇక్కడ కోర్టులు మానినయి. నీ బదులు ఇంకొకల్ని తెచ్చి పెడ్త అంటే గూడ ఓనర్ ఒప్పుకోవాలని లేదు. ఆ లైను తీసేయమని అడుగు, లేదంటే ఒక్క ఏడాదికి తగ్గించమను. ఊకనే అడిగితే పోయేదేం లేదు.

అద్దె మాత్రం వేరే లెక్క. 54 మీటర్లకు 1,150 కాల్ట్ అంటే మీటరుకు 21 యూరోల పైన పడ్తుంది, పాత బిల్డింగుకు అది బాగ ఎక్కువ. బెర్లిన్‌ల 2015 నుంచి అద్దెకు బ్రేకు ఉన్నది, చుట్టుపక్కల అద్దెల పట్టీ కన్న పది శాతం మించి పెట్టొద్దు. కొత్త బిల్డింగులు, పూర్తిగ బాగుచేసినయి, తక్కువ రోజులకు ఇచ్చేటియి, ముందున్నోడు గూడ అంతే కట్టినయి, వీటికి మినహాయింపు ఉంటది. ఇది సంతకం పెట్టినాంక గూడ అడగొచ్చు, మొదటి ముప్పై నెలల లోపల రాతపూర్వకంగ అడిగితే మొదటి నెల నుంచి ఎక్కువ కట్టింది వాపస్ వస్తది. అంటే సప్పుడు మీద హక్కు సంతకంతోని పోతది, అద్దె మీద హక్కు పోదు.

డిపాజిట్ ఒక్కసారే కట్టాల్సిన పని లేదు, మూడు సమాన కిస్తీలల్ల కట్టొచ్చు, ఇది చట్టంల ఉన్నది. బ్రోకర్ కమీషన్ అడిగితే ఇయ్యకు, ఇల్లు పెట్టిన ఓనరే అతనికి కట్టాలి. ఇంట్ల దిగిన 14 దినాలల్ల ఆన్‌మెల్డుంగ్ (ఆఫీసుల అడ్రసు నమోదు) చేపియ్యాలె, దానికి ఓనర్ సంతకం కాగితం కావాలె, అది ఇయ్యను అన్నోని ఇల్లు బంగారమైనా వద్దు. ఆన్‌మెల్డుంగ్ కాకపోతే ట్యాక్స్ నంబర్ ఇంటికి రాదు, నంబర్ లేకుంటే జీతంల అన్నిట్లకన్న ఎక్కువ పడే ఆరో క్లాసు ట్యాక్సు కట్ చేస్తరు, సగం జీతం పోయినట్టు కొడ్తది.

కొత్తగా_బెర్లిన్:

అన్నలకి, అక్కకి చాలా చాలా థ్యాంక్స్. నిన్న శుక్రవారం రాత్రి పన్నెండున్నరకి వెళ్ళాను, ఒంటిగంటన్నర దాకా ఆ గేటు ఎదురుగా నిలబడ్డాను.

పొద్దున గొలుసులేసి చూసిన కుర్చీలన్నీ ఫుట్‌పాత్ మీదకొచ్చేశాయి, చలిగా ఉన్నా దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఎవరూ గొడవ చెయ్యట్లేదు, అందరూ సంతోషంగా మాట్లాడుకుంటున్నారు, కానీ రెండొందల మంది ఒకేసారి మాట్లాడుకుంటే అది పెళ్ళిపందిరి హోరులా ఉంది. నేను చూసిన ఫ్లాట్ సరిగ్గా ఒక కాక్‌టెయిల్ బార్ పైన, పగలు షట్టర్ వేసి ఉండటంతో గమనించలేదు. పడకగది కిటికీ వీధి వైపే. అన్న చెప్పిన సూట్‌కేసులు ఆ గంటలో నాలుగు వెళ్ళాయి. మా ఆవిడకి వీడియో కాల్ చేసి వినిపించాను, ఇండియాలో అప్పటికి తెల్లవారుజాము నాలుగున్నర, పాప ఆవిడ భుజం మీద పడుకుని ఉంది, ఫోన్‌లో ఆ హోరు వినేసరికి కళ్ళు తెరిచి చూసింది. ఆవిడ ఏమీ అనలేదు, వద్దులే అని తల ఊపింది.

పొద్దున్నే ఏజెంటుకి మెయిల్ పెట్టేశాను. అదే బిల్డింగులో వెనక భాగంలో ఏదైనా ఖాళీ అయితే చెప్పమని కూడా రాశాను, ఎందుకంటే అక్క చెప్పిన సంత, పిల్లలు ఆడుకునే చోటు కూడా చూశాను, చాలా నచ్చింది. సామరిటర్ స్ట్రాసె వైపు రెండు అప్లికేషన్లు పెట్టాను. ఇంతలో లిష్టెన్‌బెర్గ్ వాళ్ళు సోమవారం కాగితాలు తెమ్మన్నారు. దాంట్లో రెండేళ్ళ లైను లేదు, చదివి చూసుకున్నాను.

అది తీసుకుంటే వంటగది మేమే పెట్టుకోవాలి. వాడిన వంటగది (అలమారాలు, సింకు, స్టవ్ సెట్టు) కొని బిగించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఎంతవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది?

గుంటూరు_అక్క:

మంచి పని చేశారు. వంటగదికి ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ సామాన్ల సైట్లు చూడండి, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు నెలాఖర్లో చాలా తక్కువకి ఇచ్చేస్తారు, కాకపోతే విప్పుకుని తీసుకెళ్ళే పని మనదే. మేము 400 యూరోలకి తెచ్చుకున్నాం, బిగించడానికి రెండు శని ఆదివారాలు పట్టింది, అదీ డ్రిల్లు శనివారం పగలే, ఆదివారం వాడితే పక్కింటివాళ్ళు బెల్లు కొడతారు. కొనేముందు గోడ పొడవు, నీళ్ళ పైపు ఏ మూల ఉందో కొలుచుకుని వెళ్ళండి. స్టవ్ కనెక్షన్ 400 వోల్టులది, అది మాత్రం మీరు ముట్టుకోకండి, ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి. అది అయ్యేదాకా ఒక ఇండక్షన్ ప్లేటు, కుక్కరు ఉంటే గడిచిపోతుంది. మా ఇంట్లో ప్లేటు ఖాళీగానే ఉంది, సోమవారం సంతకం అయితే చెప్పండి, మావారు తెచ్చిస్తారు.