మట్‌లో హెచ్‌టీఎంఎల్ మెయిల్స్‌కి డబ్ల్యూ3ఎం తగిలించడం, న్యూస్ రీడర్‌లో లింకులు తెరవడం ఎలా?

నల్లతెర:

అందరికీ నమస్తే. నేను మెయిల్ మొత్తం మట్ (mutt) అనే టెర్మినల్ మెయిల్ ప్రోగ్రామ్‌లోనే చూస్తా, న్యూస్‌గ్రూపులనే చర్చా వేదికలకి ఎస్ఎల్ఆర్ఎన్ (slrn) అనే న్యూస్ రీడర్. రెండూ రిమోట్ సర్వర్‌లో టీమక్స్ (టెర్మినల్‌ని తెరిచే ఉంచే ప్రోగ్రామ్) లోపల నడుస్తుంటాయి, నేను ఎస్ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నుంచి టెర్మినల్‌తో లాగిన్ అయి వెళ్లి చూసుకుంటా కాబట్టి పెద్ద బ్రౌజర్ తెరిచే వీల్లేదు. ఇబ్బందేంటంటే హెచ్‌టీఎంఎల్ మాత్రమే ఉన్న మెయిల్ వస్తే మట్ దాన్ని చూపించదు, ఈ రకం సపోర్ట్ లేదు, వి నొక్కి చూసుకో అని ఒక్క లైన్ పెట్టి ఊరుకుంటుంది. ఏ రకం ఫైల్‌ని దేనితో తెరవాలో చెప్పే మెయిల్‌క్యాప్ ఫైల్లో డబ్ల్యూ3ఎం (w3m) అనే టెక్స్ట్ బ్రౌజర్‌కి లైన్ ఒకటి పెట్టా, వి నొక్కి ఎంటర్ కొడితే పేజీ బానే తెరుచుకుంటోంది, కానీ ప్రతి మెయిల్‌కీ అలా లోపలికి వెళ్లి రావాలంటే విసుగొస్తోంది, పైగా రిప్లై కొడితే అవతలివాళ్లు రాసింది కోట్ అవ్వట్లేదు. మామూలు మెయిల్ లాగే పేజర్‌లోనే, అంటే మట్‌లో మెయిల్ చదివే తెరలోనే కనిపించాలి, లింక్ కావాలంటే అక్కడి నుంచే తెరవగలగాలి, బ్రౌజర్‌లో మెయిల్‌టూ లింక్ (నొక్కితే మెయిల్ రాయడానికి తెరుచుకునేది) తగిలితే మళ్లీ మట్‌లోకి రావాలి. ఇదంతా కుదిరే పనేనా?

పైపులైన్:

కుదురుతుంది, మీరు సగం దూరం వచ్చేశారు కూడా. ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు పనులు, ఒకటి హెచ్‌టీఎంఎల్‌ని మామూలు టెక్స్ట్‌గా మార్చి పేజర్‌లో పోయడం, రెండోది నిజంగా బ్రౌజ్ చేయడం. మీరు పెట్టింది రెండోదానికి పనికొచ్చే లైన్. దాన్ని అలాగే ఉంచి దాని కింద ఇంకో లైన్ పెట్టండి, అందులో డబ్ల్యూ3ఎంకి మైనస్ డంప్ ఆప్షన్ (పేజీని ఉత్త టెక్స్ట్‌గా ఇచ్చేసి ఆగిపోయేది) ఇచ్చి చివర్లో కోపియస్‌అవుట్‌పుట్ అనే మాట తగిలించండి. ఆ మాట ఉన్న లైన్‌నే మట్ ఆటోవ్యూకి, అంటే దానంతటదే చూపించడానికి వాడుకుంటుంది, లేకపోతే పట్టించుకోదు. తర్వాత మట్ సెట్టింగుల ఫైలైన మట్‌ఆర్‌సీలో ఆటో వ్యూ (auto_view) అని రాసి టెక్స్ట్ స్లాష్ హెచ్‌టీఎంఎల్ ఇవ్వండి. అంతే, మెయిల్ తెరవగానే పేజర్‌లోనే వస్తుంది, రిప్లైలో కోట్ కూడా ఆ మార్చిన టెక్స్టే వస్తుంది.

డంప్ లైన్‌లో టైపు కూడా చెప్పండి, మైనస్ పెద్ద టీ పెట్టి టెక్స్ట్ స్లాష్ హెచ్‌టీఎంఎల్ అని, లేకపోతే టెంపరరీ ఫైల్ పేరు చివర ఎక్స్‌టెన్షన్ లేనప్పుడు బ్రౌజర్ దాన్ని ఉత్త టెక్స్ట్ అనుకుని ట్యాగులన్నీ అలాగే కక్కేస్తుంది. లింక్స్ (lynx) బ్రౌజర్ వాడేవాళ్లయితే ఇదే పనికి ఫైల్ పేరుకి ఎక్స్‌టెన్షన్ తగిలించే నేమ్‌టెంప్లేట్ పెట్టుకుంటారు. అలాగే మైనస్ పెద్ద ఐ ఇచ్చి పక్కన పర్సెంట్ గుర్తు, మీసాల బ్రాకెట్లలో చార్‌సెట్ అని రాయండి, అప్పుడు మెయిల్ హెడర్‌లో ఏ ఎన్‌కోడింగ్ ఉందో అదే బ్రౌజర్‌కి అందుతుంది, తెలుగు మెయిల్స్ పిచ్చి గీతల్లా రావడం ఎక్కువసార్లు ఈ ఒక్కటి లేకే. ఇంకోటి, ఫైల్ పేరు వచ్చి చేరే పర్సెంట్ ఎస్ చుట్టూ కోట్స్ పెట్టకండి. కోట్ చేసే పని మట్ తనే చేసుకుంటుంది, మనం కూడా పెడితే ఆ రక్షణ దెబ్బతింటుంది, ఈ మాట మట్ మాన్యువల్లోనే ఉంది.

ఇక టెక్స్టూ హెచ్‌టీఎంఎల్లూ రెండూ ఉన్న మెయిల్స్ సంగతి. 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 2046 అనే ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం పంపేవాళ్లు సాదా రూపాన్ని ముందు, నిండు రూపాన్ని చివర పెట్టాలి. మట్ ఏ రూపాన్ని ఎంచుకోవాలో చెప్పే ఆల్టర్నేటివ్ ఆర్డర్ సెట్టింగ్‌లో ప్లెయిన్‌ని (ఉత్త టెక్స్ట్‌ని) ముందు పెట్టుకోవడమే నాకు నచ్చుతుంది, మనిషి రాసిన మెయిల్ అయితే అదే శుభ్రంగా ఉంటుంది. కానీ కొందరు ఆ ప్లెయిన్ భాగంలో "ఈ మెయిల్‌ని బ్రౌజర్‌లో చూడండి" అని ఒక్క ముక్క పడేసి అసలు విషయమంతా హెచ్‌టీఎంఎల్లో పెడతారు, అది చదివేవాళ్లని చిన్నచూపు చూడటమే. అలాంటి పంపేవాళ్లకి మెసేజ్ హుక్ (ఫలానా మెయిల్ తెరిచినప్పుడు నడిచే సెట్టింగ్) రాసి వాళ్ల వరకు ఆర్డర్ తిప్పేయండి, దానికి ముందు అందరికీ వర్తించే హుక్‌లో మామూలు ఆర్డర్ పెట్టడం మరవకండి, లేకపోతే తిప్పింది తిప్పినట్టే ఉండిపోయి తర్వాతి మెయిల్స్‌కి కూడా వర్తిస్తుంది.

నల్లతెర:

పైపులైన్ గారూ, చాలా థాంక్స్, పేజర్‌లో వచ్చేస్తోంది, కోట్ కూడా వస్తోంది! ఒక్క సందేహం, డంప్‌లో లింకుల అడ్రసులు మాయమైపోతున్నాయి, "ఇక్కడ క్లిక్ చేయండి" అన్న మాట ఉంటుంది కానీ ఎక్కడికో తెలీదు. అలాగే ఈ ట్రాకింగ్ బొమ్మలు, నేను మెయిల్ తెరిచినట్టు పంపినవాళ్లకి తెలిసిపోతుందా?

సున్నాబైట్:

లింకులకి రెండు దారులున్నాయి. లింక్స్ (lynx) బ్రౌజర్‌తో డంప్ చేస్తే ప్రతి లింక్ పక్కనా నంబర్ వేసి అడ్రసులన్నీ కింద వరసగా ఇస్తుంది, డబ్ల్యూ3ఎంలో కూడా డిస్‌ప్లే లింక్ నంబర్ ఆప్షన్‌ని 1 చేస్తే అలాగే వస్తుంది. నేనైతే టేబుల్స్ చక్కగా గీస్తుందని డబ్ల్యూ3ఎంనే వాడతా. రెండో దారి, మెయిల్‌ని లింకులు ఏరే యూఆర్ఎల్‌స్కాన్ అనే టూల్‌కి పైప్ చేసే, అంటే నేరుగా అందించే మ్యాక్రో (ఒక్క కీ షార్ట్‌కట్) పెట్టుకోవడం, లింకుల జాబితా వస్తుంది, కావాల్సిన దాని మీద ఎంటర్ కొడితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

పైప్ చేసేటప్పుడు మట్‌లో పైప్ డీకోడ్ సెట్టింగ్ ఆన్‌లో ఉండేలా చూసుకోండి. మెయిల్ కోటెడ్ ప్రింటబుల్ అనే ఎన్‌కోడింగ్‌లో వస్తే ఒక్కో లైన్ 76 అక్షరాలు దాటకూడదు, పొడుగు అడ్రస్‌ని మధ్యలో విరిచి లైన్ చివర ఈక్వల్ గుర్తు పెడతారు, అడ్రస్‌లో అసలు ఉన్న ఈక్వల్ గుర్తేమో ఈక్వల్ 3డీగా మారుతుంది. డీకోడ్ చేయకుండా పచ్చి మెయిల్ నుంచి అడ్రస్ లాగే టూల్‌కి సగం అడ్రసే చేతికొస్తుంది, దాన్ని తెరిస్తే పేజీ లేదు అంటుంది, మనమేమో ఆ సైటే పోయిందనుకుంటాం.

ట్రాకింగ్ గురించి, డంప్‌లో బొమ్మలు దించుకోవడం ఉండదు కాబట్టి చదివినంత మాత్రాన వాళ్లకి తెలీదు. కానీ లింక్ తెరిచారంటే తెలుస్తుంది, అలాంటి మెయిల్స్‌లో అడ్రస్ చివర మిమ్మల్ని గుర్తుపట్టే పొడుగు కోడ్ ఉంటుంది. అందుకే తెరిచే ముందు అడ్రస్ కంటితో చూడటం అలవాటు చేసుకోండి, బ్రౌజర్‌ని కుకీలు లేకుండా నడిపే ఆప్షన్ పెట్టుకోండి. ఇంకా గట్టిగా కావాలంటే లినక్స్‌లో డంప్ లైన్‌ని అన్‌షేర్ కమాండ్‌తో నెట్‌వర్క్ లేకుండా నడపొచ్చు, అప్పుడు బ్రౌజర్ బయటికి వెళ్దామన్నా దారి ఉండదు.

బఫర్‌వాసి:

ఈమాక్స్ ఎడిటర్ వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నా, మీకు ఈ అతుకులేవీ అక్కర్లేదు. ఈమాక్స్ లోపలి గ్నస్ మొదట న్యూస్ రీడర్‌గా పుట్టింది, మెయిల్ తర్వాత చేరింది, అందుకే రెండూ ఒకే కీలతో ఒకే రకంగా చదువుకోవచ్చు. హెచ్‌టీఎంఎల్‌ని చూపించే ఎస్‌హెచ్‌ఆర్ అనే ముక్క లోపలే ఉంటుంది, 2014లో ఈమాక్స్ 24.4తో వచ్చిన ఈడబ్ల్యూడబ్ల్యూ బ్రౌజర్ కూడా దాని మీదే కట్టింది. బ్రౌజ్ యూఆర్ఎల్ ఫంక్షన్‌ని ఈడబ్ల్యూడబ్ల్యూకి మార్చుకుంటే మెయిల్లో లింక్ మీద ఎంటర్ కొట్టగానే పక్క బఫర్లో (ఈమాక్స్ కిటికీలో) పేజీ వస్తుంది. డబ్ల్యూ3ఎంకే అలవాటు పడితే ఎంఎం టెక్స్ట్ హెచ్‌టీఎంఎల్ రెండరర్ అనే సెట్టింగ్‌లో దాన్నే పెట్టుకోవచ్చు. బొమ్మల విషయంలో గ్నస్ బ్లాక్డ్ ఇమేజెస్ అనే సెట్టింగ్‌లో ఏముందో ఒకసారి చూసుకోండి, డిఫాల్ట్‌గా సొంత మెయిల్ గ్రూపుల్లో బయటి బొమ్మలు ఆపేస్తుంది, న్యూస్‌లో ఆపదు.

కొత్తవాళ్లు కంగారుపడేది ఒకటుంది, చదివిన మెయిల్ జాబితాలోంచి కనపడకుండా పోతుంది. డిలీట్ అవ్వలేదు, న్యూస్ పద్ధతిలో చదివింది పక్కకి జరుగుతుంది అంతే, కళ్లెదుటే ఉండాలంటే ఆశ్చర్యార్థకం నొక్కి టిక్ పెట్టుకోండి. ఈ ఒక్క పని కోసం ఈమాక్స్ నేర్చుకోమని మాత్రం చెప్పను, నల్లతెర గారికి మట్ సెటప్పే సరిపోతుంది.

పైపులైన్:

మెయిల్‌టూ, న్యూస్ రెండూ మిగిలిపోయాయి కదా. డబ్ల్యూ3ఎంలో చిన్న ఓ నొక్కితే ఆప్షన్స్ పేజీ వస్తుంది, మెయిలర్ దగ్గర మట్ అని రాసి పర్సెంట్ ఎస్ ఇవ్వండి, దాంతోపాటే మెయిల్‌టూని ఎలా అందించాలో అడిగే చోట పూర్తి యూఆర్ఎల్ అన్నది ఎంచుకోండి, లేకపోతే అడ్రస్ ఒక్కటే వచ్చి సబ్జెక్ట్ రాలిపోతుంది. మట్ మెయిల్‌టూ అడ్రస్‌ని నేరుగా అర్థం చేసుకుంటుంది. ఎవరైనా లింక్‌లో మీ ఫైల్‌ని అటాచ్ చేయించే హెడర్ దూర్చినా మెయిల్‌టూ అలౌ జాబితాలో అది లేదు కాబట్టి పట్టించుకోదు, ఆ జాబితాని మాత్రం అనవసరంగా పెంచకండి.

ఎస్ఎల్ఆర్ఎన్‌లో పోస్టులు దాదాపు అన్నీ ఉత్త టెక్స్టే కాబట్టి డంప్ గొడవ లేదు, పెద్ద యూ నొక్కితే లింక్ పట్టుకుంటుంది, నాన్ ఎక్స్‌బ్రౌజర్ అనే సెట్టింగ్‌లో డబ్ల్యూ3ఎం ఇవ్వండి చాలు. డిస్‌ప్లే (DISPLAY) వేరియబుల్ సెట్ అయి ఉంటే మాత్రం ఎస్ఎల్ఆర్ఎన్ గ్రాఫిక్ తెర కోసం పెట్టే ఎక్స్‌బ్రౌజర్‌ని వెతుక్కుంటూ పోతుంది, మీరు ఎక్స్ ఫార్వర్డింగ్‌తో (సర్వర్‌లోని గ్రాఫిక్ కిటికీలని మీ తెరకి పంపేది) ఎస్ఎస్‌హెచ్ చేస్తుంటే ఏమీ తెరుచుకోకపోవడానికి ముందు అనుమానించాల్సింది దాన్నే.

నల్లతెర:

అదేనండీ, ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉంది, తీసేశాక పెద్ద యూ పనిచేస్తోంది. సబ్జెక్ట్‌తో సహా మెయిల్‌టూ కూడా మట్‌లోకి వచ్చింది. మెసేజ్ హుక్ ఒక్కటే మిగిలింది, రాత్రికి రాస్తా.