సమస్యాపూరణం: కన్ను పెద్దదైనఁ గానరాదు

ఈసారి సమస్య ఆటవెలదిలో చివరి పాదం. విషయం కెమెరా లెన్సులు. ఏ ఫోటోకి ఏ లెన్సు అన్నది పూరణలో తెలియాలి.

కన్ను పెద్దదైనఁ గానరాదు

మొదటి పూరణ

మోము చిత్రమందు ముద్దుగా మెఱయంగ
వెనుక నున్న గుంపు వెన్నవోలెఁ
గరఁగిపోవు చూడు కటకంపు మహిమతో
కన్ను పెద్దదైనఁ గానరాదు

85 మిల్లీమీటర్ల లెన్సుతో (ఈ కొలతే ఫోకల్ లెంగ్త్; అది పెరిగేకొద్దీ దూరపుది పెద్దగా కనిపిస్తుంది) మా అమ్మాయి ఫోటో తీసినప్పుడు తోచిందండీ. ఎఫ్ 1.8 దగ్గర, అంటే లెన్సు కన్ను (రంధ్రం) బాగా తెరిచి, మీటరున్నర దూరం నుంచి తీశాను. ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ ఆ కన్ను పెద్దదవుతుంది. కాస్త పక్కకి తిరిగి కూర్చుంది. దగ్గరి కంటి రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, అవతలి కన్ను మాత్రం పొగమంచులో ఉంది.

సమీక్ష: "వెన్నవోలెఁ గరఁగిపోవు" చక్కగా కుదిరింది. ఆ దూరంలో ఆ లెన్సుకి స్పష్టంగా వచ్చే లోతు సుమారు 3 సెంటీమీటర్లే, అందుకే అవతలి కన్ను జారిపోయింది. కానీ మహిమంతా కటకానిదే అనకండి. గుంపు మనిషి వీపుకి ఆనుకుని ఉంటే ఏ లెన్సూ దాన్ని అంతగా కరిగించలేదు. మూడో పాదం "గరఁగిపోవు దవ్వు గలిగిన వేళలో" అంటే యతీ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

రెండో పూరణ

పువ్వుపైని చీమ బుల్లి కన్నులు పట్ట
నడుము మసక యగును మాక్రొలోన
కుదియఁజేయు మయ్య కొంచె మా రంధ్రమ్ము
కన్ను పెద్దదైనఁ గానరాదు

సమీక్ష: భావం నాకు చాలా నచ్చింది. రెండో పాదంలో యతి తప్పింది: "న"కి "మా"తో మైత్రి లేదు. మాటలు అటూ ఇటూ మారిస్తే చాలు: "మసక యగును నడుము మాక్రొలోన". ఒక్క అక్షరమైనా కొత్తగా చేర్చనక్కర్లేదు.

విషయం కూడా సరిగ్గా ఉంది. మాక్రొ అంటే అతి దగ్గరి నుంచి తీసే లెన్సు. చీమ సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద అసలు సైజులోనే పడేంత దగ్గరకి వెళ్తే, పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్ 2.8 దగ్గర స్పష్టమైన లోతు మిల్లీమీటరులో మూడో వంతు. ఎఫ్ 11కి కుదిస్తే మిల్లీమీటరు దాటుతుంది. "కొంచెము" అన్న మాట మాత్రం తీసేయకండి. మరీ కుదిస్తే కాంతి వివర్తనం (సన్నని రంధ్రం దగ్గర కాంతి వంగి చెదరడం) వల్ల బొమ్మంతా మెత్తబడిపోతుంది.

మూడో పూరణ

నింగి నేల యెల్ల నిండెను చిత్రానఁ
గొమ్మపైని పిట్ట కొంచెమైన
వెదకి వెదకి చూడ వెడలుపౌ లెన్సుతో
కన్ను పెద్దదైనఁ గానరాదు

సమీక్ష: ఛందస్సులో తప్పులేదు. నాకు అడ్డుపడుతున్నది "కన్ను". ఎఫ్ సంఖ్యతో ఫోకల్ లెంగ్త్‌ని భాగిస్తే వచ్చేదే లెన్సు కంటిపాప (రంధ్రం) కొలత. 24 మిల్లీమీటర్ల వైడు లెన్సుకి ఎఫ్ 2.8 దగ్గర అది 8.6 మిల్లీమీటర్లు. పిట్టల కోసం వాడే 400కి ఎఫ్ 5.6 దగ్గర 71. అంటే మీ లెన్సు కన్నే చిన్నది! పెద్ద కన్నున్నదానికే పిట్ట కనిపిస్తుంది.

మూడో పూరణ రాసినవారు: గురువుగారూ, నేను కన్ను అన్నది చూపు అనే అర్థంలో. 24కి దాదాపు 84 డిగ్రీల చూపు, 400కి 6 డిగ్రీలే. పాఠకుడికి అందకపోతే తప్పు పద్యానిదే కాబట్టి "చూపు" అన్న మాటనే పద్యంలోకి తెచ్చాను:

నింగి నేల యెల్ల నిండెను చిత్రానఁ
గొమ్మమీఁది పిట్ట కొంచె మగుచుఁ
జూపు వెడలుపైనఁ జుక్కయే యైపోయెఁ
గన్ను పెద్దదైనఁ గానరాదు

సమీక్ష: ఇప్పుడు అన్వయం సూటిగా ఉంది. "జుక్కయే యైపోయె" దగ్గర పిట్ట నిజంగానే చిన్నదైపోతోంది. దీన్నే ఉంచండి.

రాత్రి ఆకాశం మీద ఎవరూ రాయలేదు. అక్కడ కన్ను పెద్దదైతేనే నక్షత్రాలు కనిపిస్తాయి గనుక ఈ పాదానికి అది ఎదురుతిరుగుతుంది. ఎవరైనా ప్రయత్నిస్తారా?